చిత్రిక పట్టిన మాట

ఆ వీధిలో ఏ పిల్ల ఎదురు మాట్లాడినా, ఏ పిల్లాడు పుస్తకం మూసేసి ఆటకి పారిపోయినా తల్లులందరిదీ ఒకటే పాట. "ఆ మైకుని చూసి బుద్ధి తెచ్చుకో" అనేవాళ్ళు. ఆ పిల్లలంతా మైకుని ఎంత తిట్టుకున్నారో పాపం, ఆమెకే తెలియదు.

మైకు అంటే వీధి చివర రెండు గదుల ఇంట్లో ఉండే పదిహేనేళ్ళ అమ్మాయి. వాళ్ళ నాన్నకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. తలుపులు, కిటికీలు చేసే కార్ఖానాలో రందా మిషను మీద ఆయన పని. గరుకు పలకని ఆ మిషనులో ఇటువైపు తోస్తే అటువైపు నున్నగా చిత్రిక పట్టి బయటికొస్తుంది. నాన్న చేతులతో మాట్లాడతాడు. ఆ మాటని పిల్ల నోటితో నలుగురికీ చెబుతుంది, నలుగురి మాటనీ చేతులతో నాన్నకి చెబుతుంది. కార్ఖానాలో ఎవరో సరదాకి మైకు అన్నారు, అదే పేరుగా స్థిరపడిపోయింది.

అంతకు ముందు ఆ పని వాళ్ళమ్మది. అమ్మ ఉన్నదున్నట్టు చెప్పేది. నాన్న చేతుల్లో "అండీ"లూ, "ఏమనుకోకండి"లూ లేవు. "నీ కొలత తప్పు" అని ఆయనంటే అమ్మ కూడా ఎదుటిమనిషి ముఖం మీదే "నీ కొలత తప్పు" అనేది. దాంతో లోకం నాన్నని జాలిగా చూసి, అమ్మకి గయ్యాళి అని పేరు పెట్టింది. తన నోట ఒక్క సొంత మాట లేకుండా గయ్యాళి అనిపించుకున్న ఆడమనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది.

అమ్మ పోయేనాటికి పిల్లకి తొమ్మిదేళ్ళు. పని చేతికొచ్చిన మొదటి నెలలోనే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. మాటని కాస్త నున్నగా చేసి అప్పగిస్తే అందరూ సంతోషంగా ఉంటారు. పళ్ళ దుకాణంలో నాన్న "కుళ్ళినవి అడుగున పెట్టి అంటగడుతున్నావు" అంటే, "కొంచెం గట్టివి ఏరివ్వమంటున్నారండీ" అనేది. దుకాణదారు నవ్వి మంచివే ఏరిచ్చేవాడు. బళ్ళో టీచరు ముందు నాన్న "ప్రతిసారీ ఇదే సోది" అంటే, "మీ ఓపికకి దండం పెడుతున్నారు టీచర్" అనేది. టీచరు మురిసిపోయేది. ఇటు నాన్నకీ అంతే. ఎవరైనా కసిరితే ఆ కసురు ఆయన దాకా వచ్చేసరికి సగం కరిగిపోయేది. అది అబద్ధమని ఆ పిల్ల ఏనాడూ అనుకోలేదు, మర్యాద అనుకుంది. చుట్టూ మెచ్చుకునేవాళ్ళుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు.

దీని వెనక ఇంకో సంగతుంది, అది ఎవరితోనూ చెప్పుకునేది కాదు. కోపమొచ్చినప్పుడు నాన్న గొంతులోంచి ఒక శబ్దం వచ్చేది. అది వస్తోందని ఆయనకి తెలియదు. వినేవాళ్ళు ఉలిక్కిపడి చూసేవాళ్ళు, చూసి మళ్ళీ చూడనట్టు ముఖం తిప్పుకునేవాళ్ళు. అప్పుడల్లా ఆమెకి తల కొట్టేసినట్టుండేది. ఆ శబ్దం ఆగాలంటే వ్యవహారం తొందరగా తేలిపోవాలి. వ్యవహారం తేలాలంటే మాట మెత్తగా ఉండాలి.

ఒకరోజు బడి వదిలాక ఆమె కార్ఖానాకి వెళ్ళేసరికి నాన్న మిషను ఆపేసి దాని పక్కనే నిలబడున్నాడు. చెవులున్నవాళ్ళు మిషను జబ్బుని చప్పుడులో పట్టుకుంటారు. నాన్న అరచెయ్యి ఆనించి పట్టుకుంటాడు. ఆమెని చూడగానే చెయ్యి పట్టుకుని యజమాని గదికి లాక్కెళ్ళాడు.

గదిలో యజమాని ఒక్కడే లేడు. ఇస్త్రీ చొక్కాల వాళ్ళు ఇద్దరు కూర్చుని తలుపుల నమూనాలు చూస్తున్నారు. నాన్న వాళ్ళని లెక్కచేయలేదు. బ్లేడ్లు బిగించే రోలరు లోపల బేరింగు అరిగిపోయిందన్నాడు. ఇలాగే నడిపితే ఎవరిదో చెయ్యి పోతుందన్నాడు. మార్చేదాకా నేను నడపను, ఇంకెవరినీ నడపనివ్వొద్దు అన్నాడు. చెబుతున్నకొద్దీ చేతులు వేగం అందుకున్నాయి, గొంతులోంచి ఆ శబ్దం మొదలైంది. ఇస్త్రీ చొక్కాల్లో ఒకాయన రెండో ఆయన వైపు చూసి, నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు.

పిల్ల చెవులు వేడెక్కిపోయాయి. ఆ గదిలోంచి బయటపడితే చాలనుకుంది.

"మిషను కొంచెం అదురుతోందట సార్. వీలు చూసుకుని ఒకసారి ఎవరికైనా చూపిస్తే బాగుంటుందని నాన్న అంటున్నారు."

అదరని మిషను ఎక్కడైనా ఉంటుందా అమ్మా అని యజమాని నవ్వాడు, చూపిద్దాంలే అన్నాడు. ఆమె నాన్న వైపు తిరిగి, మార్పిస్తానంటున్నారు అని చేతులతో చెప్పింది. నాన్న కాసేపు యజమాని వైపే చూసి బయటికి నడిచాడు.

నాలుగు రోజులు నాన్న ఆ మిషను ముట్టుకోలేదు. అయిదో రోజు ఆయన ఎవరింటికో కిటికీలు బిగించడానికి వెళ్ళినప్పుడు మెకానిక్కు వచ్చి, గ్రీజు పూసి, బెల్టు బిగించి పోయాడు. నాన్న తిరిగొచ్చి అడిగించాడు. "చూపించాం, అయిపోయింది" అన్నాడు యజమాని. "మార్చారట" అన్నాయి పిల్ల చేతులు. చూపించడానికీ మార్చడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆమె ఆలోచించలేదు. నాన్న అరచెయ్యి ఆనించి చూశాడు. కొత్త గ్రీజుతో అదురు కొంత అణిగింది. ఆయన మళ్ళీ పనిలోకి దిగాడు.

మూడు వారాలు తిరగకముందే ప్రమాదం జరిగింది. వేళ్ళు పోగొట్టుకున్నది బాబాయి. ఆయన చుట్టం కాదు. మిషను పక్క బల్ల మీద తలుపుల చట్రాలు బిగిస్తాడు. కానీ పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. ఆ కార్ఖానాలో నాన్నతో చేతులతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే. అంతా తప్పుల తడక, సగం సైగలు తన సొంత కల్పన. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వేవాడు. ఆ మధ్యాహ్నం నాన్న అన్నానికి కూర్చుంటే, నాలుగు పలకలేగా, నేను తోసేస్తాలే అని బాబాయి మిషను దగ్గరికెళ్ళాడు. మూడో పలకకి రోలరు బిగుసుకుపోయి పలకని వెనక్కి తన్నింది. పలక ఉండాల్సిన చోటికి బాబాయి చెయ్యి వెళ్ళిపోయింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి.

మర్నాడు యజమాని పనివాళ్ళందర్నీ గదిలోకి పిలిచాడు. ఆయనేం చెడ్డమనిషి కాదు. బాబాయిని తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, సీటంతా నెత్తురైనా ఒక్క మాట అనలేదు. కానీ హడలిపోయి ఉన్నాడు. హడలిపోయిన మనిషికి తప్పు మోపడానికి ఎవరో ఒకరు కావాలి.

"మిషను నీ చేతిలో ఉంది. చెయ్యి పోయేంత ప్రమాదం ఉందని నాతో ఒక్క మాట చెప్పావా?" అని నాన్నని అడగమన్నాడు.

ఈ ఒక్కటీ ఆమె ఉన్నదున్నట్టే అడిగింది. నాన్న చేతులు ఠక్కున లేచాయి. చెప్పాను. చెయ్యి పోతుందనే చెప్పాను. ఇదే గదిలో చెప్పాను.

అందరూ మైకు వైపు తిరిగారు. అప్పుడే నిజం చెప్పేసి ఉంటే సంగతి అక్కడితో తేలిపోయేది. చెప్పలేదు. నీళ్ళు నమిలి, నమిలి, "చెప్పానంటున్నారు సార్, అదురుతోందని" అంది. అదురుతోందంటే చెయ్యి పోతుందని అర్థమా అని యజమాని నిలదీశాడు. అడగడంలో న్యాయముంది. ఆ న్యాయాన్ని అటువైపు ఎలా అందించాలో ఆమెకి తెలియలేదు. "ఆయనకి గుర్తు లేదట" అని నాన్నకి చెప్పేసింది.

నాన్నని మిషను నుంచి తీసేసి వెనక షెడ్డులో దుంగలు పేర్చే పనిలో పెట్టారు. ఇరవయ్యేళ్ళలో ఒక్క పలక చెడగొట్టని మనిషిని. చెవులుంటే ముందే వినేవాడని ఒకడు, అలాంటివాడికి మిషను అప్పగించడమే తప్పని ఇంకొకడు. ఆ మాటలు ఆమె నాన్నకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది, వాళ్ళు పక్కకి తప్పుకుని నడిచే తీరు చూస్తే చాలు.

అప్పటినుంచి పిల్లకి అన్నం సయించలేదు. బడికి దగ్గరి దారి బాబాయి ఇంటి ముందునుంచే. ఆమె పోస్టాఫీసు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రం నాన్న కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే ఆ పదివేళ్ళ వైపు చూడలేక లోపలికి వెళ్ళిపోయేది. ఇవాళ చెప్పేస్తాను అని పొద్దున్నే గట్టిగా అనుకునేది. నాన్న ఎదురుగా వచ్చి కూర్చోగానే చేతులు ఒళ్ళోంచి లేచేవి కావు. ఇంత చేసి కూడా ఆయన పెట్టింది తింటున్నాను, ఆయన కొన్న బట్ట కట్టుకుంటున్నాను అని తన మీద తనకే అసహ్యం వేసేది.

సరిగ్గా అప్పుడే బడివాళ్ళకి ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఏటా ఒక ఆదర్శ విద్యార్థినిని ఎంచి షీల్డు ఇస్తారు. "తండ్రికి గొంతై నిలిచిన బిడ్డ" అని పెద్ద టీచరు రంగు సుద్దముక్కలతో నోటీసు బోర్డు మీద రాయించింది. ముఖ్య అతిథి యజమానే. బళ్ళో బల్లలన్నీ ఆయన కార్ఖానావి కాబట్టి ఏటా ఆయన్నే పిలుస్తారు.

ఆ రోజు పొద్దున పిల్ల జ్వరమని దుప్పటి ముసుగుపెట్టింది. నాన్న నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మిషను జబ్బునే పట్టుకునే చేతికి దొంగజ్వరం ఒక లెక్కా? లే, అని సైగ చేసి, తన చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళాడు.

హాలు నిండా పిల్లలు, వెనక వరసల్లో తల్లిదండ్రులు. పెద్ద టీచరు మైకు గురించి పావుగంట మాట్లాడింది. ఓర్పు అంది, వినయం అంది, తండ్రి మాట ఒక్క అక్షరం పొల్లుపోకుండా లోకానికి అందిస్తోంది అంది. ఆ మాటకి పిల్ల తల ఇంకాస్త కిందికి దిగిపోయింది. చూసినవాళ్ళు అణకువ అనుకున్నారు. మంచిపేరు వచ్చినవాళ్ళకి అదొక వెసులుబాటు, సిగ్గుతో చచ్చిపోతున్నా ఎవరికీ తెలియదు.

తండ్రిగారు రెండు మాటలు చెప్పాలని పిలిచారు. నాన్న స్టేజీ మధ్యకొచ్చి నిలబడ్డాడు. పక్కన నిలబడి ఆమె ఆయన మాటని ఎత్తుకుంది. ఇది నా కూతురు, వాళ్ళమ్మ పోయినప్పటినుంచీ నా మాట మోస్తోంది, అంది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అప్పుడు నాన్న యజమాని కుర్చీ వైపు తిరిగాడు. చేతులు వేగం అందుకున్నాయి. గొంతులోంచి ఆ శబ్దం వచ్చింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆమె దగ్గర మెత్తటి మాటలకేం కరువు లేదు. నాన్న అందరికీ కృతజ్ఞతలు చెబుతున్నారు అంటే సరిపోయేది, ఆ హాల్లో ఏ ఒక్కరికీ తెలిసేది కాదు. కానీ నాన్న ఆమె వైపు చూడటం లేదు. తన మాట అందిందో లేదోనని యజమాని ముఖం వైపే చూస్తూ ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపు చూశాక ఆమెకి ఇంక నోరు తిప్పుకోవడం చేతకాలేదు.

"మిషను చెయ్యి తీస్తుందని ఈ పెద్దమనిషికి చెప్పాను" అంది, నాన్న మాటగా. "చెప్పలేదంటున్నారు. నన్ను దుంగలు పేర్చమన్నారు. ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో నా కూతురికి తెలుసు. దాన్నే అడగండి."

కిసుక్కుమన్నవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. యజమాని ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "నువ్వే చెప్పమ్మా. ఆ రోజు నాతో ఏమన్నావో అందరి ముందూ చెప్పు" అన్నాడు.

ఆమె నోటితో చెబుతూ అదే మాట చేతులతోనూ చెప్పింది. ఎప్పుడూ అటొకటి ఇటొకటి చెప్పే అలవాటేమో, రెండు వైపులకీ ఒకే మాట ఒకేసారి చెప్పేసరికి గొంతూ తడబడింది, వేళ్ళూ తడబడ్డాయి.

"నాన్న చెయ్యి పోతుందన్నారు. నేను కొంచెం అదురుతోందన్నాను. మార్చేదాకా నడపనన్నారు. నేను వీలు చూసుకుని చూపించమన్నాను. మీరు చూపించామన్నారు. మార్చారని నేను నాన్నకి చెప్పాను."

ఎందుకలా చేశావమ్మా అంది పెద్ద టీచరు, నమ్మలేనట్టు.

"సిగ్గేసింది టీచర్. అందరి ముందూ నాన్న అలా గొంతు చేస్తుంటే నాకు సిగ్గేసింది."

ఈ మాట మాత్రం నోరే చెప్పింది. చేతులు కదల్లేదు.

పెద్ద టీచరు షీల్డు ఇవ్వాలో దాచాలో తెలియక అటూ ఇటూ చూసి బల్ల మీద పెట్టేసింది. అది ఇప్పటికీ ఆఫీసు బీరువాలోనే ఉందట. ఇవ్వాల్సిన సమయమంటూ ఉంటే అదేనని చెప్పడానికి ఆ హాల్లో ఒక్క పెద్దమనిషికీ నోరు రాలేదు. యజమాని లేచి, బేరింగు మార్పించాక మళ్ళీ మిషను దగ్గరికే రమ్మని నాన్నకి చెప్పమన్నాడు. ఆమె అదే చెప్పింది. నాన్న తల ఊపి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

దారిలో ఆయన కొడతాడేమో అనుకుంది, కొడితే బాగుండుననుకుంది. వాళ్ళ సందు మలుపు దాటిపోయారు. ఎక్కడికి వెళ్తున్నారో అర్థమయ్యేసరికి ఆమె కాళ్ళు మొరాయించాయి. నాన్న చెయ్యి వదల్లేదు.

బాబాయి గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, ఎడంచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. వీళ్ళని చూడగానే ముఖం విప్పారింది. "ఏమే మైకూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అన్నాడు. తిట్టినా అంత బాధపడేది కాదు, ఆ పలకరింపుకి ఆమె నేలలోకి కూరుకుపోయింది. అలికిడి విని పిన్ని కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

చెప్పు, అన్నాడు నాన్న ఆమెతో. నేను అన్నది అన్నట్టు చెప్పు.

"మిషను చెయ్యి తీస్తుందని నేను చెప్పాను" అంది ఆమె, నాన్న చేతులు చూస్తూ. "నా కూతురు దాన్ని మార్చి చెప్పింది. నీ వేళ్ళు అందుకే పోయాయి."

బాబాయి గుండీ మీద చెయ్యి తీసేశాడు. నాన్న ఆగలేదు. ఒక్కొక్కటీ ఆమెకి అందేలా నెమ్మదిగా చెబుతున్నాడు.

"నా కూతురికి నేనంటే సిగ్గు."

అక్కడ ఆమె ఆగిపోయింది. స్టేజీ మీద తను చేతుల్ని చెప్పనివ్వని మాట ఆయన చేతుల్లోనే ఉంది. కానివ్వు, అన్నట్టు నాన్న గడ్డం ఎగరేశాడు.

"నాకు ఎప్పటినుంచో తెలుసు. నేను తిట్టినప్పుడు కూడా ఎదుటివాళ్ళు నవ్వుతుంటే తెలియదా? ఆ రోజు యజమాని ముఖం చూశాను. చెయ్యి పోతుందని విన్న మనిషి ముఖం కాదది. నా మాట చేరలేదని తెలిసింది. అయినా మళ్ళీ చెప్పించలేదు. వాళ్ళమ్మ నా మాట చెబితే జనం మొహం ముడుచుకునేవాళ్ళు. ఇది చెబితే నాకు కుర్చీ వేసేవాళ్ళు. ఆ కుర్చీ నాకు బాగుంది. అందుకే తెలిసీ ఊరుకున్నాను. నీ వేళ్ళు ఇది ఒక్కతే తీయలేదు. ఇద్దరం తీశాం."

ఆమెకి కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఎత్తితే ఎక్కడ ఒక మాట జారిపోతుందోనని తుడుచుకోలేదు. ఒక్కటీ మెత్తబరచలేదు.

బాబాయి తన కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత ఆమెని అడిగాడు.

"ఇది మీ నాన్న అన్నదా, నువ్వు కలిపిందా?"

"అంతా నాన్న అన్నదే బాబాయ్" అంది. ఇకమీదట ఈ ప్రశ్న ఎవరడిగినా, ఎందుకడిగారనే హక్కు తనకి లేదని ఆమెకి తెలుసు. ఆయన అడిగింది కూడా నాన్నకి చెప్పింది.

బాబాయి దవడలు బిగుసుకున్నాయి. "వెళ్ళండి. ఇవాళ మీ ఇద్దరి ముఖాలూ నేను చూడలేను" అన్నాడు.

కోపంలో ఉన్నారు, మళ్ళీ వద్దాం అని నాన్నతో అనొచ్చు. ఆరేళ్ళుగా చేసిన పని అదే, వేళ్ళు వాటంతటవే అటు మళ్ళబోయాయి. ఆమె వాటిని ఆపుకుంది. వెళ్ళమంటున్నారు, మన ఇద్దరి ముఖాలూ చూడలేనంటున్నారు అని చెప్పింది.

నాన్న ఆమె చేతులు చూశాడు. బాబాయి ముఖం చూశాడు. రెండూ ఒకటే చెబుతున్నాయి. ఆయన తల ఊపి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.